వెక్కిళ్ళ పాటకు ట్రాకు లేదు

కువైటులో, సల్వాలో నేను కారు తోలే ఇంటికి వంటగది విడిగా, పెరట్లో ఉంటుంది. దాని కిటికీకీ నా గది గుమ్మానికీ మధ్య కార్ల షెడ్డు. కొలిస్తే పది బారలు కూడా ఉండదు గాని, ఆగస్టు మధ్యాహ్నం అన్నం పళ్ళెం కోసం ఆ షెడ్డు దాటడమంటే మా గోదారి లంకల్లోంచి కాలినడకన కాశీకి వెళ్ళినంత పని. ఒకసారి నా చెప్పు తారుకి అంటుకుని అక్కడే ఉండిపోయింది. నేను మాత్రం ముందుకి వెళ్ళిపోయాను. ఆ చెప్పు ఇప్పటికీ నేలలో శిలాశాసనంలా దిగబడి ఉంది. నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. వీసా మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి.

కిటికీ అవతల అక్క ఉండేది. ఆ ఇంటి వంటమనిషి. నేను రాకముందు నుంచీ ఉంది, నాకు తెలిసి ఆ ఇంటి పునాదుల కంటే ముందు నుంచీ ఉంది. మామా, అంటే ఇంటి యజమానురాలు, ఆవిడ పిల్లలందరినీ ఎత్తుకుని పెంచింది అక్కే. పాస్‌పోర్టులో మటుకు అక్క వయసు నాకంటే తక్కువ. పాస్‌పోర్టు రాయించిన ఏజెంటుకి దయాగుణం ఎక్కువట. కిటికీకి ఒక పక్క గాలి లాగే ఫ్యాను బిగించి ఉండేది కాబట్టి ఆవిడ ముఖం నాకెప్పుడూ సగమే కనిపించేది. ఒక కన్ను, ఒక ముక్కుపుడక, పళ్ళెం పట్టుకున్న చెయ్యి. మొదటి ఏడాదంతా మా సంభాషణ మొత్తం కలిపి రాస్తే పోస్టుకార్డులో సగం నిండదు. "పళ్ళెం" అనేది ఆవిడ. "ఆఁ" అనేవాణ్ణి నేను.

అదేమంత విడ్డూరం కాదు. ఇంటి డ్రైవరుతో ఎవరు మాట్లాడతారు? రోజంతా నాతో మాట్లాడేది కారులో దారి చెప్పే ఆడగొంతు ఒక్కతే. అదీ అరబీలో, అదీ నేను దారి తప్పినప్పుడే. కొన్నాళ్ళు ఆ మాటల కోసం కావాలని దారి తప్పాను. మామా దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళాలంటే నేను ఆవిణ్ణి సౌదీ సరిహద్దు దాకా తీసుకెళ్ళానని ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిహద్దు దాకా కాదు, దానికి కాస్త ఇవతలే.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున, కారు కడుగుతుంటే వంటగదిలోంచి వెక్కిళ్ళు వినపడ్డాయి. మామూలు వెక్కిళ్ళు కావు. మూతలు అదిరిపోయే వెక్కిళ్ళు. మన వాళ్ళకి వెక్కిళ్ళొస్తే ఏం చేస్తాం? ఎవరో తలుచుకుంటున్నారంటాం, ఒక్కొక్కరి పేరే చెప్పి చూస్తాం. సరైన పేరు తగిలితే ఆగిపోతాయి. నేను పైపు పట్టుకునే కేకేశాను.

"అక్కా, మీ అబ్బాయి తలుచుకుంటున్నాడేమో!"

హిక్కు.

"చెల్లెలా?"

హిక్కు, హిక్కు.

"కోడలక్కా! కోడలే! తిట్టుకుంటూ తలుచుకుంటే ఇంతే గట్టిగా వస్తాయి!"

ఈసారి వచ్చిన వెక్కిలికి పక్కింటి పావురాలు లేచిపోయాయి. ఇక లాభం లేదని నీళ్ళ సీసా పట్టుకుని షెడ్డు దాటి పరిగెత్తాను. తలుపు తీసి చూస్తే అక్క గరిట పట్టుకుని నిలబడి ఉంది. పొయ్యి మీద పులుసు. మొట్టమొదటిసారి ముఖం పూర్తిగా చూశాను. రెండో కన్ను కూడా ఉంది.

"ఏందప్పా, నీళ్ళు?" అంది.

"వెక్కిళ్ళు కదక్కా!"

ఆవిడ సీసా వంక చూసింది. నా వంక చూసింది. గరిట పక్కన పెట్టి ఉల్లిపాయల బస్తా మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వు ఎక్కడో మధ్యలో కళ్ళ నీళ్ళలోకి తిరిగింది. పైటతో తుడుచుకుని అంది:

"అది ఎక్కిళ్ళు కాదు నాయనా. పాట. నా పాటకు నీళ్ళు తెచ్చినోళ్ళను చూసి ఎన్నేండ్లాయనో."

ఆ పాట కథ నాకు ఒక్కసారిగా దొరకలేదు. వారానికి రెండుసార్లు ఆవిణ్ణి సరుకులకి జమియా బజారుకి తీసుకెళ్ళేవాణ్ణి. వెనక సీట్లో కూచుని, వెళ్ళేటప్పుడు కొంచెం, కొత్తిమీర కట్టలు ఒళ్ళో పెట్టుకుని వచ్చేటప్పుడు కొంచెం చెప్పేది. సిగ్నలు పచ్చబడితే కథ ఆగేది, ఎందుకో ఎర్రలైటు దగ్గరే ఆవిడకి జ్ఞాపకాలు బాగా వచ్చేవి. అందుకని నేను పచ్చలైటు దగ్గర కూడా ఆగేవాణ్ణి. వెనక హారన్లు మోగేవి. మోగనీ.

ఆవిడది నందలూరు. బొగ్గింజన్ల కాలంలో అక్కడ పెద్ద రైల్వే కాలనీ. ఇంజన్లు నీళ్ళు తాగి, బొగ్గు మేసి, నిట్టూర్చి పోయే ఊరు. కాలనీలో దొరలూ కాని, మనవాళ్ళూ కాని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. వాళ్ళలో ఒక గార్డు ఇంట్లో ఆవిడ తల్లి ఆయా. శనివారం సాయంత్రం రైల్వే వాళ్ళ హాల్లో డాన్సు. దొరసానులు గౌన్లు తిప్పుకుంటూ ఎగురుతుంటే, ఆయాల పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్ళు.

"అప్పుట్నించీ నాది కిటికీ బతుకే" అంది అక్క.

గార్డు కొడుకు గిటారు వాయించేవాడు. కరెంటుతో నడిచే గిటారు. ఆ గిటారు తగిలిస్తే కాలనీలో దీపాలు మసకబారేవి అని అక్క అంది. నందలూరు నుంచి రేణిగుంట దాకా మసకబారేవని నేను సవరించాను. గిన్నెలు తోముతూ ఈ పిల్ల ఆ అమెరికా పాటల్ని పాడుకునేది. ఇంగ్లీషు ముక్క రాదు. ఊరికే చప్పుళ్ళని ఎక్కడికక్కడ పేర్చుకుని పాడేది. గార్డు కొడుకు విన్నాడు. గిటారు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

"గొంతును ఉరికించాల, ఉరికించి టక్కుమని ఇరగ్గొట్టాల. అట్ల ఇరిగినపుడు ఎక్కిలి మాదిరి వస్తాది. ఆడ ఉండాది పాటంతా" అని అక్క నాకు వివరించింది. వివరిస్తూ ఒకటి వదిలింది. కారు దానంతటదే గేరు మారింది.

లోకోషెడ్డులో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకాయన మనిషెత్తు ఫిడేలు వాయించేవాడు. దాన్ని నిలబెట్టి, తీగని లాగి చెక్కకేసి కొడితే మద్దెల అక్కర్లేదు. ఈ ముగ్గురే జట్టు. నాటకాలు ఆడే ఊళ్ళకి లారీ ఎక్కి వెళ్ళేవాళ్ళు. రాజుగారు పద్యం ముగించి, లోపలికి పోయి కిరీటం మార్చుకుని వచ్చేలోపు జనం లేచిపోకుండా వీళ్ళు ఒక పాట పాడాలి. రాజుగారికి కిరీటం ఎంత బిగుసుకుంటే వీళ్ళకి అంత అవకాశం. పాటలు ఆవిడే కట్టుకునేది. బొగ్గుబండి మీద కట్టిన పాటకి పెద్ద పేరు:

నీళ్ళు తాగె నిప్పు తాగె నందలూరు బండి
నిన్ను మాత్రం తేకపోయె నిక్కులాడి బండి

"నిన్ను" దగ్గర గొంతు విరుగుతుంది. నీ, హిక్కు, న్ను.

మొదటిసారి పాడినప్పుడు ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచి, చెంబుతో నీళ్ళు పట్టుకుని నేరుగా స్టేజీ ఎక్కేసిందట. "తాగు మేయ్, పాపం ఎవురో తలుచుకుంటాండారు నిన్ను" అందట. జనమంతా విరగబడి నవ్వి, మళ్ళీ పాడమన్నారు. ఆ తర్వాత ఊరు మారినా ఎవరో ఒకరు నీళ్ళు తెచ్చేవారు. వాల్‌పోస్టర్ల మీద "వెక్కిళ్ళ పిల్ల" అని వేశారు. ఆ ముగ్గురికీ అదొక కొలబద్ద అయిపోయింది. నీళ్ళొస్తే పాట పండినట్టు. రాకపోతే తాలు. ఒక షరతు కూడా ఉంది. పాట సంగతి తెలియనివాళ్ళు తేవాలి. తెలిసినవాళ్ళు వేళాకోళానికి తెచ్చిన నీళ్ళు చెల్లవు.

"మొన్న నువ్వు తెచ్చినావే, అది చెల్లుతాది" అంది అక్క. "ఇంగ నువ్వు బిందెలు మోసినా చెల్లదు."

మద్రాసుకి కూడా వెళ్ళారు. ఎవరో రికార్డు వేయిస్తామన్నారు. అద్దాల గదిలో నిలబెట్టి పాడమంటే పాడింది. మొదటి వెక్కిలికే అద్దం అవతలి ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. "జలుబు తగ్గాక రామ్మా" అన్నాడు. గార్డు కొడుకు బతిమాలాడు. సరే, వెక్కిలి లేకుండా పాడమన్నారు. పాడింది.

"బాగుందన్న్యాడు" అంది అక్క. "బాగుంటాది. అది ఎవురైనా పాడచ్చు. ఇంటికొచ్చేసినాం."

తర్వాత బొగ్గింజన్లు పోయాయి. డీజిలు బండి నీళ్ళకి ఆగదు కదా, నందలూరు వంక చూడకుండా పోవడం మొదలెట్టింది. కాలనీ ఖాళీ అయింది. గార్డు కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది, గిటారుతో సహా. ఫైర్‌మన్‌కి బదిలీ. పెద్ద ఫిడేలు షెడ్డులో పడి ఉంటే దాని కడుపులో కోడి పొదిగిందట, పుట్టిన పిల్లలన్నీ తాళం తప్పకుండా కూసేవట. కోడి దాకా అక్క చెప్పింది. తాళం నేను వేశాను. తర్వాత వచ్చిన ఆర్కెస్ట్రాల వాళ్ళు సినిమాపాట అచ్చం సినిమాలో ఉన్నట్టే పాడమన్నారు. ఆవిడకి అచ్చం ఎవరిలాగానూ పాడటం రాదు. పెళ్ళి, పిల్లలు, మొగుడు పోవడం, కువైటు. ఈ నాలుగూ ఆవిడ ఒకే ఎర్రలైటు దగ్గర చెప్పేసింది, అదీ చిన్న సిగ్నలు.

ఫోనులో వెతికాను. ఆ సముద్రంలో లేనిదంటూ ఉందా? మా ఊరి పుంత మీద ఎద్దు తుమ్మినదీ ఉంది. అక్క పాట లేదు. ఉండటానికి ఎక్కడా రికార్డు అవలేదు కదా. సెలవులకి ఇంటికొచ్చిన మామా పెద్దకూతురు మాత్రం, వంటగదిలో ఆ గొంతు విని గుమ్మంలో ఆగిపోయింది. చిన్నప్పుడు తనని నిద్రపుచ్చిన పాట అదేనని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. ఇలాంటి దాన్ని అమెరికాలో రాకబిల్లీ అంటారని చెప్పి, తన ఫోనులో ఎవరో పాతకాలపు అమెరికా ఆడమనిషి పాట పెట్టింది. అదే ఉరుకు, అదే విరుపు. ఆ గాయని పేరు కూడా అక్కడ ఎవరికీ పెద్దగా తెలియదట. అక్క చేతులు తుడుచుకోవడం మానేసి చివరిదాకా విన్నది.

"ఈయమ్మకన్నా ఎవురైనా నీళ్ళిచ్చినారా?" అని అడిగింది.

ఆ పిల్లకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

రంజాను ముందర మామా కబురు చెప్పింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఇంట్లో వంట తగ్గింది, అక్కకీ కాళ్ళు లాగుతున్నాయి. పండగ అయ్యాక ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఇక కొత్తది చేయించరు. ఖలాస్. మామా మంచిదే, ఏడుస్తూనే చెప్పింది. అక్క ఏడవలేదు. ఆ సాయంత్రం కిటికీలోంచి పళ్ళెం ఇస్తూ చెయ్యి వదల్లేదు.

"తమ్ముడా, ఈడ మన తెలుగోళ్ళు సభ పెడతారంట గదా. మైకు ఉంటాదా?"

"ఉంటుందక్కా. అరిచేవాళ్ళకి కొదవా!"

"ఒక్కసారి పాడి పోతా. ఒకే ఒక్క పాట. నీళ్ళొస్తాయో రావో చూసి పోతా."

అదీ సంగతి. మనిషి ఇన్నేళ్ళకి అడిగింది ఇంతే. నేను మా లంకలన్నిటి మీదా ఒట్టేసి చెప్పాను, మైకేమిటక్కా, హాలే రాయించేస్తానని.

బ్నీద్ అల్ గార్‌లో ఒక ఫ్లాటులో సంఘం వాళ్ళు కూచుని కార్యక్రమాలు ఖాయం చేస్తున్నారు. లిఫ్టు పనిచేయడం లేదు. నేనెక్కిన మెట్లకి దేవుడైతే దర్శనం ఇచ్చేవాడు. అక్కడ సాంస్కృతిక కార్యదర్శి దర్శనమిచ్చాడు. మా వైపు మనిషే.

"ఆయ్, రండి రండి. ఏ ఊరండి మనది? లంకల్లోనా? మరింకేం, మనోళ్ళే! ఏం పాడతారండీ?"

"నేను కాదండి. మా అక్క. ఆవిడ పాడితే నందలూరులో రైళ్ళాగిపోయేవండి."

"నందలూరులో రైళ్ళు నీళ్ళకి ఆగేవండి" అన్నాడు నవ్వుతూ. "ట్రాకు తెచ్చారా?"

ట్రాకంటే పాటలోంచి గొంతు తీసేసి సంగీతం మాత్రం మిగిల్చినది. ఇక్కడ సభల్లో వాయించేవాళ్ళెవరూ ఉండరు. అందరూ ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు, తబలా తెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. ఫోనులోంచి ట్రాకు దింపుకుని, దాని మీద పాడేసి దిగిపోతారు.

"ఇది ఆవిడ సొంత పాటండి. ట్రాకు లేదు."

"లేదంటే స్టేజీ లేదండి బాబూ. రూలు. పోయినేడు ఒకాయన ట్రాకు లేకుండా పద్యం ఎత్తుకున్నాడు. ఇంకా దించలేదు."

"మరి ఒక్క పాటేనండి..."

"ఏదైనా సినిమా పాట పాడమనండి, ట్రాకు నేనే ఇస్తాను. శ్రావ్యంగా ఉండేది. పెద్దావిడంటున్నారు కదా, భక్తి పాటైతే మరీ మంచిది."

కిందికి దిగేటప్పుడు మెట్లు ఇంకా పెరిగాయి.

శుక్రవారం అల్ రాయ్‌లో పాత సామాన్ల సంత జరుగుతుంది. లోకంలో విరిగిన ప్రతి వస్తువూ ఆఖరికి అక్కడికే చేరుతుంది. మామాకి తివాచీ మార్చాలన్న నెపం మీద అక్కని తీసుకెళ్ళాను. తీగల్లేని గిటారొకటి దొరికింది. అక్క దాన్ని తట్టి చూసి, "ఇది పెట్టె. పాట కాదు" అని పెట్టేసింది. ఆ వేళ తిరిగి వచ్చేటప్పుడు అన్ని సిగ్నళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. కథ మాత్రం రాలేదు.

ట్రాకు మా ఇంట్లోనే ఉందని నాకు గురువారం తెలిసింది. మామా తండ్రిని అందరం పెద్ద బాబా అంటాం. గేటు పక్కన ఆయన దివానియా, అంటే మగవాళ్ళు కూచుని కబుర్లు చెప్పుకునే గది. గురువారం సాయంత్రం ఆయన ఈడు ముసలివాళ్ళు వచ్చి, ఊదు అనే తీగల వాయిద్యం వాయించుకుంటూ పాత పడవల కాలపు పాటలు పాడుకుంటారు. నేను గావా, అదే వాళ్ళ కాఫీ, పోస్తుంటాను. వాళ్ళ గొప్పంతా చప్పట్లలో ఉంది. అందరూ ఒకేసారి కొట్టరు. ఒకరి చప్పట్ల సందులో ఇంకొకరు కొడతారు, ఆ మిగిలిన సందులో మరొకరు. గదిలో ఆరుగురుంటే వడగళ్ళ వాన పడ్డట్టుంటుంది. ఆరోజు ఖాళీ అయిన గావా కూజాతో వంటగదికి వస్తే, అక్క కిటికీ దగ్గర చెవి పెట్టి నిలబడి ఉంది.

"ఆ సందు ఇంటాండావా? ఆ సందులోనే నా ఎక్కిలి పడాల."

పెద్ద బాబా కుర్రతనంలో పడవల మీద బొంబాయి వెళ్ళి ఖర్జూరాలు అమ్మినవాడు. ఆయన హిందీ ఇంకా అక్కడే ఉంది. నేను గొంతు సవరించుకుని సంగతంతా చెప్పాను. రైళ్ళాగడం కూడా చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"వో గాతీ హై? ఇత్నా సాల్ మేరే ఘర్ మే థీ, ముఝ్‌కో కిసీనే నహీ బోలా?"

ఇన్నేళ్ళూ నా ఇంట్లోనే ఉంది, నాకెవరూ చెప్పలేదేమని. నేను ఆయనకి ఇంకో కప్పు గావా పోశాను.

ఆడవాళ్ళు దివానియాలోకి రారు. కాబట్టి అక్క పెరట్లో, ఆ గది కిటికీ బయట నిలబడింది. నీళ్ళ కంపెనీ వాడు వేసిపోయే పెద్ద ఖాళీ డబ్బా బోర్లించి దాన్ని పెద్ద ఫిడేలు చేసింది. అరచేత్తో ఒక దెబ్బ, వేళ్ళ చివర్లతో ఒకటి. లోపల ముసలివాళ్ళ చప్పట్లు. కిటికీ గట్టు మీద నా ఫోను. ట్రాకులో గొంతు ఉండకూడదు కాబట్టి అక్క పాటంతా శబ్దం లేకుండా పాడింది. పెదాలు కదులుతున్నాయి, మెడ నరాలు బిగుస్తున్నాయి, వెక్కిలి దగ్గర భుజాలు ఎగురుతున్నాయి, నోట్లోంచి మాత్రం గాలి కూడా రావడం లేదు. నేను ఎన్నో పాటలు విన్నాను గాని, ఒక పాటని అలా చూసింది అప్పుడే.

అయ్యాక పెద్ద బాబా కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఆవాజ్ కిధర్ హై?"

"ఆవాజ్ జుమ్మా కో, బాబా" అన్నాను. గొంతు సభ జరిగే శుక్రవారానికి దాచామని.

సాంస్కృతిక కార్యదర్శి ఆ ట్రాకు విని చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. "ఇదేం వాయిద్యమండీ?" అన్నాడు. అరబ్బుల పురాతన వాయిద్యం, మ్యూజియంలోంచి తెప్పించామన్నాను. రూలు రూలే, ట్రాకు ట్రాకే. పేరు ఎక్కించాడు. ఆఖర్న.

సభ రంజాను మొదలవకముందే, ఒక బడి హాల్లో, శుక్రవారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. మామా సెలవిచ్చింది, కాని ఇంట్లో భోజనం ముందే వండి పెట్టి వెళ్ళాలి. అక్క తెల్లవారకముందే లేచి ఊరంతా తినేంత మచ్‌బూస్, అదే వాళ్ళ మాంసం పులావు, వండింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, ముక్కుపుడక తుడుచుకుని కారు ఎక్కింది. ఈసారి ముందు సీట్లో కూచుంది.

హాలు కిక్కిరిసి ఉంది. పిల్లల డాన్సులయ్యాయి. ఆ తల్లులు స్టేజీ కింద నిలబడి అదే డాన్సు చేస్తూ చూపించడం కూడా అయింది. ప్రసంగాలు మొదలయ్యాయి. ఒక పెద్దమనిషి రెండు ముక్కలు మాట్లాడతానని, రెండు యుగాలు మాట్లాడాడు. ఆయన లేచినప్పుడు నాకు గడ్డం లేదు. అక్క తెర పక్కన కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. నేను ముందు వరసలో. నా కుర్చీ కింద నీళ్ళ సీసా ఉంది. ఉన్నా లాభం లేదు. నేను తెలిసినవాణ్ణి.

చివరికి మైకులో ప్రకటించారు: "భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. అయితే ఇంకొక్క పాట..." తర్వాతి ముక్క కుర్చీల చప్పుడులో కలిసిపోయింది. జనం గోదారికి గండిపడ్డట్టు తలుపుల్లోంచి పోయారు. బయట నుంచి బిర్యానీ వాసన. తలుపు దగ్గర బడి కాపలాదారు, ఈజిప్టు ఆయన, ఇక్కడ హారిస్ అంటారు, తాళాల గుత్తి ఆడిస్తూ నిలబడి ఉన్నాడు. హాలు అప్పజెప్పే వేళయిపోయిందని ఆయన తొందర.

అక్క మైకు దగ్గరికి వచ్చింది. చేత్తో దాన్ని ఒకసారి పట్టుకుని చూసి వదిలేసింది. డబ్బా దెబ్బ పడింది, చప్పట్ల వాన మొదలైంది.

ఇక్కడ నేను ఏమీ పెంచి చెప్పను. పెంచుదామన్నా హాల్లో ఏమీ లేదు. నేనున్నాను. సౌండు పెట్టె దగ్గర కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. నాలుగో వరసలో ఒకావిడ, ఒళ్ళో పడుకున్న బిడ్డ లేస్తుందేమోనని కదలకుండా ఉంది. మిగతావన్నీ కుర్చీలు. చాలా వాటి మీద కార్యక్రమం కాగితాలు.

అక్క పాడింది. ఆ గొంతు అరవై దాటినదే, అక్కడక్కడా బొంగురు పోయింది. కాని ఉరికింది. "నిన్ను" దగ్గరికి వచ్చేసరికి పైకి దూకి, దివానియా ముసలివాళ్ళు వదిలిన సందులో సరిగ్గా విరిగింది. బిడ్డ తల్లి తలెత్తి చూసింది. బయట ప్లేట్ల చప్పుడు. రెండో చరణం. మళ్ళీ విరిగింది. అక్క కళ్ళు కుర్చీల వరసల మీదుగా తలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాయి. దేనికోసం చూస్తోందో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. నా మడమకి సీసా చల్లగా తగులుతూ ఉంది.

ఆఖరి చరణంలో మూడు విరుపులు వరసగా ఉన్నాయి. మొదటిదానికి తాళాల చప్పుడు ఆగింది. హారిస్ తలుపు దగ్గరి నుంచి ముందుకి వచ్చాడు. ఆపమనడానికే అనుకుని లేచి అడ్డం పడబోయాను. ఆయన నన్ను తప్పించుకుని స్టేజీ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి చిన్న నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, అక్క కాళ్ళ దగ్గర పెట్టాడు.

"మోయా, మోయా" అన్నాడు, తాగమని చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపిస్తూ. "షివయ్ షివయ్." మెల్లగా, మెల్లగా అని.

అక్క పాట ఆపలేదు. మిగిలిన రెండు విరుపులూ పూర్తిచేసి, ట్రాకు అయిపోయాక, ఖాళీ కుర్చీలకి దణ్ణం పెట్టి, వంగి సీసా తీసుకుని సగం తాగింది.

కారు ఎక్కాం. సీసా అక్క ఒళ్ళో ఉంది.

"తమ్ముడా, ఆయప్పకు నా పాట సంగతి ముందే చెప్పినావా?"

"లేదక్కా. ఒట్టు. నాకు ఆయనెవరో కూడా తెలీదు."

"నువ్వు ఎచ్చులు చెప్పేటోనివి. నీ ఒట్టు ఎవురికి కావాల?"

"మా లంకల మీద ఒట్టక్కా!"

"నీ లంకలు ప్రతి ఏడూ మునుగుతాయి." కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, "అయితే చెల్లుతాది" అంది. ఇంకాసేపటికి, "బిర్యానీ ఐపోయింటాదా?" అంది.

అయిపోయింది. దారిలో వేడి ఖుబూస్ రొట్టెలు కొనుక్కుని కారులోనే తిన్నాం.

పండగ అయ్యాక విమానాశ్రయంలో దింపాను. పెద్ద బాబా ఆవిడకి ఖర్జూరాల పెట్టె ఇచ్చాడు. మామా ఇచ్చిన దుప్పట్లతో సూట్‌కేసు ధాన్యపు గాదెలా ఉబ్బిపోయింది. తనిఖీ దగ్గర నీళ్ళు ఒప్పుకోరు కదా, అక్క ఆ సీసాలో మిగిలిన సగం తాగేసి, మూత పెట్టి, ఖాళీ సీసా చేతిసంచీలో పెట్టుకుంది. లోపలికి వెళ్ళేముందు వెనక్కి తిరిగి, "పచ్చలైటు కాడ నిలబడాకు నాయనా, ఫైను ఏస్తారు" అంది.

ఇప్పుడు కిటికీ అవతల కొత్త వంటమనిషి ఉంది. ఇథియోపియా నుంచి వచ్చింది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు. సగం ముఖం, పళ్ళెం పట్టుకున్న చెయ్యి. మొన్న షెడ్డు నీడలో నిలబడి తింటుంటే నాకు వెక్కిళ్ళు పట్టుకున్నాయి. నిజం వెక్కిళ్ళు. పేర్లు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నేనే చెప్పుకున్నాను, అక్కా అని. ఆగలేదు. మళ్ళీ అన్నాను. అంతలో కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి నీళ్ళ గ్లాసు చాపింది. వెళ్ళి తీసుకున్నాను.

అక్క లెక్క ప్రకారం చెల్లే నీళ్ళే. పాటే లేదు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేశాను.